వెతకమని చెప్పని చట్టం

పశువుకు గాలికుంటు వస్తే రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడతాయి, చొంగ కారుతుంది, మేత ముట్టదు. గొంతువాపు అయితే తెల్లారేలోపే తెలిసిపోతుంది. క్షయ అలా రాదు. ఊపిరితిత్తుల దగ్గరి గ్రంథుల్లో ఎక్కడో చిన్న గడ్డగా మొదలై నెలలు, ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. ఈలోపు గేదె చూడి కడుతుంది, ఈనుతుంది, పాలిస్తుంది, సంతలో మంచి ధరే పలుకుతుంది. ఎముకలు తేలి, పొడిదగ్గు మొదలై, యజమానికి అనుమానం వచ్చేసరికి ఒకే తొట్టిలో కుడితి తాగిన పక్క పశువులకు ఎప్పుడో అంటుకుని ఉంటుంది.

అందుకే పశువుల క్షయను అదుపు చేసిన దేశాలు చట్టంలో అన్నిటికంటే ఎక్కువ అక్షరాలు ఖర్చుపెట్టింది పరీక్ష మీదే. ఏ పశువుకు చేయాలి, ఎన్నాళ్లకోసారి చేయాలి, అమ్మే ముందు తప్పనిసరా, తేలితే ఆ పశువును ఏం చేయాలి, ఆ నష్టం ఎవరు భరించాలి అన్నవన్నీ రాసుకున్నారు. మన చట్టంలో జబ్బు పేరు ఉంది. ఈ ప్రశ్నలకు జవాబులు లేవు.

2009లో పార్లమెంటు చేసిన పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం తిరగేస్తే మొదట కాస్త ధైర్యమే కలుగుతుంది. దాని షెడ్యూలులో పశువుల క్షయ ఉంది. తన పశువుకు షెడ్యూలులోని జబ్బు ఉందని నమ్మడానికి కారణం కనిపించిన యజమాని ఆ సంగతి గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలని నాలుగో సెక్షన్ అంటుంది. అక్కడి నుంచి దగ్గర్లోని పశువైద్యుడికి కబురు వెళ్లాలి. ఆ పశువును మంద నుంచి వేరుచేసి ఉంచమని ఐదో సెక్షన్ చెబుతుంది. జబ్బు ఉందని తెలిసిన పశువును సంతకు తోలకూడదు. వ్యాప్తిని ఆపడానికి వేరే దారి లేదనుకుంటే నొప్పి తెలియకుండా దాని ప్రాణం తీయమని రాతపూర్వకంగా ఆదేశించే అధికారం కూడా పశువైద్యుడికి ఉంది.

ఇంత రాసిన చట్టం అసలు చోట ఆగిపోయింది. ఫలానా పశువుకు ఫలానా గడువులో క్షయ పరీక్ష చేసి తీరాలని పాడిరైతు మీద గాని, డెయిరీ యాజమాన్యం మీద గాని, పశుసంవర్ధక శాఖ మీద గాని బాధ్యత పెట్టలేదు. చట్టం మోపిన బాధ్యతలన్నీ జబ్బు ఉందని తెలిసినప్పుడో, అనుమానం కలిగినప్పుడో మొదలవుతాయి. క్షయ విషయంలో పరీక్ష చేయందే ఆ రెండూ జరగవు. దాంతో జబ్బున్న గేదె ఇల్లు మారుతుంది, ఊరు మారుతుంది, జిల్లా దాటుతుంది. అమ్మినవాడు, కొన్నవాడు, బేరం కుదిర్చిన దళారి, ముగ్గురిలో ఎవరూ చట్టం మీరినట్టు కాదు.

ఎన్ని పశువుల సంగతి ఇది? దేశవ్యాప్తంగా పద్ధతి ప్రకారం చేసిన సర్వే లేదు కాబట్టి ఉన్నవాటిని కలిపి చూసుకోవాలి. 18 రాష్ట్రాలు, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో వేర్వేరు కాలాల్లో జరిగిన అధ్యయనాలను జోడించి, 82,419 ఆవులు, గేదెల వివరాలతో శ్రీనివాసన్, ఆమె సహ పరిశోధకులు 2018లో ఒక విశ్లేషణ ప్రచురించారు. వాళ్లకు తేలిన సగటు 7.3 శాతం. దేశంలోని పశుసంపదకు వర్తింపజేస్తే దాదాపు 2 కోట్ల 18 లక్షల పశువులు. అమెరికాలో ఉన్న పాడి ఆవులన్నిటికంటే ఎక్కువ. ఈ అంకెను నేను జాగ్రత్తగానే వాడతాను. చిన్న అధ్యయనాలు, పెద్దవి, మంచి పరీక్షలు, అరకొర పరీక్షలు, అన్నీ అందులో కలిసి ఉన్నాయి. అసలు సంఖ్య కోటీ అరవై ఆరు లక్షల నుంచి రెండు కోట్ల ఎనభై నాలుగు లక్షల దాకా ఎక్కడైనా ఉండొచ్చని పరిశోధకులే చెప్పుకున్నారు. తక్కువ కొసను పట్టుకున్నా అది చిన్న సంఖ్య కాదు.

పోల్చుకోవడానికి ఒక్క లెక్క. అమెరికా 1917లో పశువుల క్షయ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టేనాటికి అక్కడ సుమారు 5 శాతం పశువులకు జబ్బుంది. అది అత్యవసర పరిస్థితి అని వాళ్లు అనుకున్నారు.

ఇక పరీక్ష. చూడటానికి తేలిక, చేయడానికి కష్టం. పశువును కట్టుగొయ్యకు దగ్గరగా బిగించి, మెడ మీద కొద్దిమేర వెంట్రుకలు గొరుగుతారు. అక్కడి చర్మాన్ని రెండు వేళ్లతో మడతపట్టి కాలిపర్‌తో మందం కొలిచి కాగితం మీద రాసుకుంటారు. తర్వాత 0.1 మిల్లీలీటరు ట్యూబర్‌కులిన్‌ను చర్మం పొరల మధ్యకు ఎక్కిస్తారు. ట్యూబర్‌కులిన్ అంటే క్షయ సూక్ష్మజీవి నుంచి తీసి శుద్ధి చేసిన ప్రోటీన్. మన దేశంలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ దీన్ని తయారుచేస్తుంది. సూది సరిగ్గా పడితే వేలి కింద శనగగింజంత బుడిపె తగులుతుంది. తగల్లేదంటే మందు చర్మం కిందికి జారిపోయిందన్నమాట, ఆ పరీక్ష లెక్కలోకి రాదు. 72 గంటలు ఆగి, వీలైతే అదే మనిషి, అదే కాలిపర్‌తో మళ్లీ కొలవాలి. మందం 4 మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగితే జబ్బు ఉన్నట్టు, 2 నుంచి 4 మధ్య ఉంటే అనుమానం.

ఇక్కడో చిక్కుంది. మట్టిలో, చెరువునీళ్లలో క్షయ సూక్ష్మజీవికి దాయాదులు చాలా ఉంటాయి. అవి జబ్బు చేయకపోయినా చర్మం మీద వాపు తెప్పించగలవు. పేగుల జబ్బైన జోన్స్ వ్యాధి ఉన్న పశువులోనూ ఇలాగే జరుగుతుంది. అందుకే బ్రిటన్‌లో పక్కపక్కనే రెండు సూదులు వేస్తారు, ఒకటి పశువుల క్షయది, ఒకటి పక్షుల క్షయది. మొదటి వాపు రెండో దానికంటే 4 మిల్లీమీటర్లకు మించి ఎక్కువైతేనే జబ్బు అంటారు. బురదలోనూ చెరువుల్లోనూ తిరిగే మన గేదెలకు ఒంటి సూదితో తీర్పు చెప్పేస్తే ఏ పాపం తెలియని పశువుల మీద ముద్ర పడుతుంది.

తప్పు రెండోవైపూ జరుగుతుంది. ఈ మధ్యే ఈనిన పశువులో, జబ్బు బాగా ముదిరిన పశువులో వాపు రాకపోవచ్చు. మందలో అన్నిటికంటే ప్రమాదకరమైన పశువే పరీక్షలో తప్పించుకుంటుందన్నమాట. ఒకసారి ట్యూబర్‌కులిన్ వేస్తే కొన్ని వారాల దాకా చర్మం మొద్దుబారుతుంది. అందుకే మళ్లీ పరీక్ష చేయాలంటే కనీసం 42 రోజులు, కొన్నిచోట్ల 60 రోజులు ఆగాలని పరీక్ష తప్పనిసరైన దేశాల్లో నియమం. ఈ కిటుకు తెలిసిన అమ్మకందార్లు అసలు పరీక్షకు ముందే గుట్టుగా ఒక సూది వేయించి పశువును శుభ్రంగా గట్టెక్కించిన ఉదంతాలు పాశ్చాత్య దేశాల చరిత్రలో ఉన్నాయి. ఎవరు వేయాలి, మందు ఎవరి చేతిలో ఉండాలి, ఎన్నాళ్లు ఆగాలి అని చట్టం అంత చాదస్తంగా రాసుకోవడానికి కారణం ఇదే.

పరీక్షంటే పశువైద్యుడు ఒకే కొట్టానికి రెండుసార్లు రావాలి. మూడో రోజుకు ఆ గేదె అక్కడ ఉండాలి. ఉండదు. సూది వేస్తున్నప్పుడే రైతు మొహమాటంగా అడిగే ప్రశ్న ఒకటుంది: “తేలితే ఏం చేస్తారు సార్?” బర్డ్‌ఫ్లూ వచ్చి కోళ్లను చంపితే పరిహారం ఇవ్వడానికి కేంద్రం, రాష్ట్రం చెరిసగం పెట్టుకునే ఏర్పాటు ఉంది. క్షయ తేలిన గేదెకు అలాంటి ఏర్పాటు లేదు. మంచి ముర్రా గేదె లక్ష రూపాయలు దాటిన రోజుల్లో, అదీ అప్పుచేసి కొన్నదైతే, ఆ రైతు చేసేది ఒక్కటే. వచ్చే వారం సంతకు తోలేస్తాడు. తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పరిహారం లేకుండా పరీక్షలు ముమ్మరం చేస్తే జబ్బు తగ్గకపోగా, జబ్బున్న పశువులే ముందుగా చేతులు మారతాయి. పరీక్షలు పెంచాలని ఉద్యమంగా అడిగే మిత్రులకు నేను చెప్పే మొదటి మాట ఇది.

ఇది మన రైతు బుద్ధి అనుకుంటే పొరపాటు. 1931లో, మాంద్యంతో ధరలు కుప్పకూలిన సమయంలో, అమెరికాలోని అయోవా రాష్ట్రం సెడార్ కౌంటీలో రైతులు పరీక్షకు వచ్చిన పశువైద్యులను మందల దగ్గరికి రానివ్వలేదు. పరీక్ష మీద వాళ్లకు నమ్మకం లేదు, ఇచ్చే పరిహారం చాలదన్న కోపం ఉంది. గవర్నర్ డాన్ టర్నర్ నేషనల్ గార్డ్ సైనికులను దింపి, అక్కడ సైనిక శాసనం ప్రకటించి మరీ పరీక్షలు చేయించాడు. తుపాకుల నీడలో గేదె మెడ కొలవాల్సిన పరిస్థితి మనకు వద్దు. కానీ ఆ గొడవ తర్వాతా వాళ్లు కార్యక్రమం ఆపలేదు. 1940 నాటికి అమెరికాలోని ప్రతి కౌంటీలోనూ జబ్బు అర శాతం కిందికి దిగింది.

బ్రిటన్ కథలో మనకు పనికొచ్చే పాఠం వేరే. ఊరూరూ వరసగా పరీక్షించుకుంటూ వచ్చి 1960 అక్టోబరుకు దేశమంతా పరీక్ష కిందికి తెచ్చారు. జబ్బు దాదాపు అడుగంటింది. 2001లో గాలికుంటు విరుచుకుపడినప్పుడు ఆ హడావుడిలో క్షయ పరీక్షలు నిలిచిపోయాయి. మందలు పోగొట్టుకున్న రైతులు వేరే ప్రాంతాల నుంచి పశువులను పరీక్ష లేకుండానే కొనుక్కొచ్చారు. వాటితోపాటు క్షయ కొత్త జిల్లాలకు చేరింది. అమ్మే ముందు పరీక్ష ఇంగ్లండ్‌లో తప్పనిసరి అయింది 2006లో. జబ్బు ఎక్కువున్న ప్రాంతాల్లో 42 రోజులు దాటిన పశువు మంద విడిచి వెళ్లాలంటే గత 60 రోజుల్లో పరీక్ష జరిగి ఉండాలి. బ్యాడ్జర్ అనే అడవి జంతువులోనూ జబ్బు నిలవుండటంతో అక్కడ ఇంకా ఏటా వేల పశువులను వధిస్తూనే ఉన్నారు. కట్టుదిట్టంగా ఉన్న స్కాట్లండ్ 2009లో క్షయరహిత గుర్తింపు తెచ్చుకుంది. పరీక్షకు కాస్త సెలవిచ్చినందుకు ఇంగ్లండ్ ఇన్నేళ్లు చెల్లిస్తుంటే, అసలు మొదలే పెట్టని మనం ఎక్కడున్నామో ఊహించుకోవచ్చు.

“మనం పాలు కాచుకుని తాగుతాం కదా?” ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. నిజమే. మన తెలుగిళ్లలో పాలు పొంగే దాకా కాచే అలవాటు వేల ప్రాణాలను కాపాడుతోందని నా నమ్మకం. డెయిరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసినా క్షయ సూక్ష్మజీవి చస్తుంది. ప్యాకెట్ పాలు తాగే పట్నవాసి కంగారుపడనక్కర్లేదు. నేను భయపడేది అటువైపు వాళ్ల గురించి కాదు. బలమని పొదుగు కిందే గుమ్మపాలు తాగించే పిల్లల గురించి, తెల్లవారుజామున గేదె ఊపిరి మొహానికి తగులుతుండగా పాలు పితికే ఆడవాళ్ల గురించి, వానాకాలం కొట్టం పక్కనే మంచం వేసుకునే ముసలివాళ్ల గురించి. ఊపిరి ద్వారా వచ్చే జబ్బును పాలు కాచడం ఆపలేదు.

ప్రపంచంలో పశువుల నుంచి క్షయ సోకినవాళ్లు ఒక్క 2016లోనే 1,47,000 మంది, చనిపోయినవాళ్లు 12,500 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో ఎందరన్నది తెలుసుకునే దారే మూసుకుపోయి ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్షించే సీబీనాట్ యంత్రం టీబీ ఉందా లేదా చెబుతుంది, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతుంది. అది మనిషి నుంచి వచ్చిందా, పశువు నుంచి వచ్చిందా అన్నది దాని పని కాదు. పైగా పశువుల క్షయ చాలాసార్లు ఊపిరితిత్తుల బయట, మెడ గ్రంథుల్లో వస్తుంది. పాత వైద్యులు గండమాల అన్నది చాలామట్టుకు మెడ గ్రంథుల క్షయనే. అక్కడ కళ్లె పరీక్ష పనికిరాదు. మొదటి రెండు నెలలు ఇచ్చే మందుల్లో ఒకటైన పైరజినమైడ్‌కు పశువుల క్షయ సూక్ష్మజీవి, అంటే మైకోబ్యాక్టీరియం బోవిస్, పుట్టుకతోనే లొంగదు. రోగికి నాలుగు మందులు వేస్తున్నామనుకుంటాం, పనిచేసేవి మూడే.

ఇక్కడ ఎదురుసాక్ష్యం కూడా చెప్పాలి. వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు వచ్చిన రోగుల నుంచి తీసిన 940 నమూనాలను జన్యుస్థాయిలో పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. అందులో బోవిస్ జబ్బు ఒక్కటీ కనిపించలేదు. హమ్మయ్య అనుకునేలోపే మరొకటి బయటపడింది. ఏడు నమూనాల్లో మైకోబ్యాక్టీరియం ఓరిగిస్ అనే దాయాది దొరికింది. దక్షిణాసియా పశువుల్లో అదీ తిరుగుతోంది. పశువుల క్షయ అంటే బోవిస్ అని పాశ్చాత్య పుస్తకాలు చెప్పిన పేరునే మనం వెతుకుతున్నాం, మన కొట్టాల్లో ఉన్నది ఇంకొకటి కావచ్చు. ఏడు అంటే వందకు ఒక్కటి కూడా కాదు. ఒక ఆసుపత్రి లెక్కను దేశం మొత్తానికి అంటగట్టడమూ సరికాదు. అయితే 2023లో భారత్‌లో కొత్త క్షయ కేసులు సుమారు 28 లక్షలని అంచనా. అంతమందిలో ఒక్క శాతమే అనుకున్నా 28 వేల మంది.

రాకపోకలు రెండువైపులా ఉన్నాయి. మనిషి క్షయ సూక్ష్మజీవి తమిళనాడులో పశువుల్లో దొరికింది. మనిషికి క్షయ వస్తే ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. రోగి ఇంట్లోవాళ్లకు పరీక్షలు చేస్తారు, పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తారు. ఆ ఇంటి పెరట్లో గేదె దగ్గుతోందా అని అడిగే గడి ఏ ఫారంలోనూ నేను చూడలేదు.

పరీక్ష అసలు సాధ్యం కాదనీ అనలేం. ఆబోతుల విషయంలో దశాబ్దాలుగా చేస్తున్నాం. నంద్యాల, కరీంనగర్ లాంటి చోట్ల ఉన్న వీర్య కేంద్రాల్లో ప్రతి ఆబోతుకూ క్షయ, జోన్స్, బ్రూసెల్లోసిస్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయాలన్నది జాతీయ ప్రమాణం. తేలిన ఆబోతును తొలగిస్తారు. కృత్రిమ గర్భధారణకు గోపాలమిత్ర తెచ్చే వీర్యనాళిక వెనక ఆ జాగ్రత్త ఉంది, అది అందుకునే ఆవు వెనక లేదు. 2019లో 13,343 కోట్లతో కేంద్రం ప్రారంభించిన జాతీయ పశువ్యాధుల కార్యక్రమంలో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ చేరాయి. క్షయ చేరలేదు.

తొందరపడటానికి కారణం మన పాడి మారుతున్న తీరు. ఒకప్పుడు ఇంటికో రెండు గేదెలు, పగలంతా బీట్లో మేత. ఇప్పుడు రేకుల షెడ్డు, సిమెంటు గచ్చు, యాభై, వంద హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్) సంకరజాతి ఆవులు. ఈ జబ్బుకు ఇంతకంటే అనువైన చోటు లేదు. ఇథియోపియాలో అడిస్ అబాబా చుట్టుపక్కల ఇలాంటి డెయిరీలను 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం పరిశీలిస్తే దాదాపు 30 శాతం పశువులకు క్షయ తేలింది. హోల్‌స్టీన్ రక్తం ఎక్కువున్న పశువులు అక్కడి దేశవాళీ జీబు జాతి పశువుల కంటే త్వరగా లొంగిపోతున్నాయని కూడా ఆ దేశంలోని పరిశోధనలే చూపించాయి. మనం రాయితీలిచ్చి పెంచుకుంటున్నది సరిగ్గా అలాంటి షెడ్లనే.

వధ ప్రస్తావన తేగానే చర్చ ఆగిపోతుంది. ప్రజారోగ్యం దృష్ట్యా పశువైద్యాధికారి ధ్రువీకరిస్తే మినహాయింపునిచ్చే వీలు కొన్ని రాష్ట్రాల గోవధ నిషేధ చట్టాల్లో ఉంది. అయినా ఆ కాగితం మీద సంతకం చేసే అధికారి ఎక్కడున్నాడు? చంపకుండానే చేయగలిగిన దారి ఒకటి డెన్మార్క్‌లో పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే బెర్న్‌హార్డ్ బాంగ్ చూపించాడు. తేలిన పశువులను వేరే కొట్టంలో కట్టాలి, వాటికి పుట్టిన దూడలను వెంటనే విడదీసి కాచిన పాలతో పెంచాలి, కొన్నేళ్లలో శుభ్రమైన కొత్త మంద తయారవుతుంది. జాగా, ఓపిక, డబ్బు కావాలి. గోశాలలకు ఇది తప్పనిసరి పద్ధతి, ఎందుకంటే ఎక్కడెక్కడివో వట్టిపోయిన, బక్కచిక్కిన పశువులన్నీ చేరేది అక్కడికే. బీసీజీ టీకా మీదా ఆశ ఉంది. దూడలకు వేస్తే వ్యాప్తి బాగా తగ్గుతుందని ఇథియోపియాలో చేసిన ప్రయోగం 2024లో వెలువడింది. టీకా వేసిన పశువు పాత పరీక్షలో జబ్బున్నట్టే కనిపిస్తుంది కాబట్టి, తేడా చెప్పే కొత్త పరీక్షను నియమాల్లో చేర్చాకే టీకా మాట.

ప్రభుత్వాలను అడిగేది పెద్దది కాదు. ప్రభుత్వ క్షేత్రాలు, గోశాలలు, ఇరవై పశువులు దాటిన డెయిరీలతో తప్పనిసరి పరీక్ష మొదలుపెట్టండి. పరీక్ష తేదీ, ఫలితం పశువు చెవికున్న పన్నెండంకెల ట్యాగుకు జతచేసి, సంతలో ఎవరైనా ఫోన్లో చూసుకునేలా చేయండి. వీటన్నిటికంటే ముందు పరిహారం ఎంతో, ఎన్ని రోజుల్లో ఇస్తారో జీవోలో రాయండి. అది లేకుండా మిగతావి మొదలుపెట్టొద్దు.

పాడి ఉన్నవాళ్లకు ఒక మాట. కొత్తగా కొన్న పశువును నేరుగా మందలో కట్టకండి. కనీసం కొన్ని వారాలు విడిగా ఉంచి, మీ పశువైద్యుణ్ణి క్షయ పరీక్ష అడగండి. పిల్లలకు గుమ్మపాలు పట్టకండి. మీ ఇంట్లో ఎవరికైనా మెడ దగ్గర గడ్డ వచ్చినా, వారాలు గడిచినా దగ్గు తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన అడగకపోయినా, ఇంట్లో పశువులున్నాయని మీరే చెప్పండి.